పేరు చెప్పని కానుక: చీట్ల ఆటను నడుపు పద్ధతి

మన తెలుగువారి పెండ్లి పందిళ్లలోని ‘చదివింపులు’ అను ఆచారమును ఎరుగనివారుండరు. బంధుమిత్రులు తెచ్చిన కానుకలను ఒకరు పుస్తకములో వ్రాసికొందురు. ఇచ్చినవారి పేరును, ఇచ్చిన మొత్తమును నలుగురు వినునట్లు చదువుటయు కొన్నిచోట్ల కలదు. ఆ పుస్తకమును ఇంటివారు భద్రముగా దాచుకొని, రేపు ఆ బంధువు ఇంట శుభకార్యము జరిగినప్పుడు అంతకు తక్కువ కాకుండ తిరిగి చదివింతురు. ఇది నిందింపదగిన ఆచారము కాదు. పెండ్లి ఖర్చు ఒక్క ఇంటిమీదనే పడకుండ పదిమంది మోయుటకు పెద్దలు కనిపెట్టిన ఉపాయమిది. అయినను ఇందులో ఒక చిక్కు కలదు. పేరును, వెలయును రెండును కానుకను అంటిపెట్టుకొని యుండును. కనుక చేతిలో తక్కువ ఉన్నవాడు పుస్తకము తెరచియున్న బల్ల దగ్గరకు పోవుటకు జంకును.

దీనికి సరిగా ఎదురుదిక్కున నడచు ఆట యొకటి కలదు. అందులో కానుక ఉండును గాని ఇచ్చినవారి పేరు ఉండదు. వెలకు ముందుగనే ఒక హద్దు ఉండును. బెంగళూరులోని పలు కార్యాలయములలో ఏటేట డిసెంబరు నెలలో, క్రిస్మసు పండుగకును సంవత్సరాంతమునకును కలిపి జరుపుకొను వేడుకలో దీనిని ఆడుదురు. ‘సీక్రెట్ శాంటా’ అని దీనికి పేరు. రహస్యముగా కానుకలు తెచ్చు శాంటా తాత అని భావము. ఆడు విధము సులభము. పాల్గొనువారి పేర్లన్నియు చీట్లమీద వ్రాసి కలుపుదురు. ఒక్కొక్కరు ఒక్కొక్క చీటీ తీయుదురు. ఎవరి పేరు వచ్చినదో వారికొరకు, ఆ సంగతి మూడవ మనిషికి చెప్పక, ఒక కానుక తేవలెను. వేడుకనాటికి కానుకలన్నియు ఒక బల్లమీదికి చేరును. ప్రతివారును ఒకటి ఇత్తురు, ఒకటి పుచ్చుకొందురు. తనకు ఇచ్చినదెవరో ఊహించుటలోనే ఆటయొక్క ఆనందమున్నది.

మన పత్రికలో దీనిని గూర్చి వ్రాయుటకు కారణము కలదు. మన విద్యార్థుల తల్లిదండ్రులలో కొందరు గుమాస్తాలు, కొందరు కర్మాగారములలో పనివారు, కొందరు ఎలక్ట్రానిక్ సిటీ, వైట్‌ఫీల్డు ప్రాంతముల కంపెనీలలో ఇంజనీర్లు; మరికొందరు అట్టి కంపెనీలలోనే ఊడ్చి తుడుచువారు, కావలివారు, కారు నడుపువారు. డిసెంబరు వచ్చునప్పటికి ఈ ఆటను గూర్చిన ప్రకటన వీరిలో పలువురి కంటబడును. ఆ ప్రకటన సాధారణముగా ఇంగ్లీషులో ఉండును. కొన్ని ఇండ్లలో దానిని తల్లికో తండ్రికో చదివి అర్థము చెప్పవలసినవారు పిల్లలే. ‘ఇందులో చేరవలెనా? ఎంత ఖర్చగును? చేరకున్న ఏమనుకొందురు?’ అని పెద్దలు అడిగినప్పుడు పిల్లలు సమాధానము చెప్పగలిగి యుండవలెను. పెద్దవారై ఉద్యోగములలో చేరిన పిమ్మట ఈ ఆటను నడుపు బాధ్యత మీమీదనే పడవచ్చును గూడ.

ముందుగా ఈ ఆట పుట్టుకను కొంచెము తెలిసికొందము. నాలుగవ శతాబ్దమున, ఇప్పటి టర్కీ దేశములోని మైరా అను పట్టణమున, నికొలస్ అను బిషప్పు ఉండెనని చెప్పుదురు. ఆయనను గూర్చి క్రైస్తవులలో ఒక కథ ప్రచారములో నున్నది. ముగ్గురు కుమార్తెలుగల ఒక గృహస్థు దరిద్రుడై, కట్నమియ్యలేక, వారి పెండ్లిండ్లు చేయు దారి గానక కుమిలిపోవుచుండెను. నికొలస్ రాత్రివేళ ఎవరును చూడకుండ వచ్చి, ఆ ఇంటి కిటికీనుండి బంగారు మూట నొకదానిని లోపలికి జారవిడిచి వెడలిపోయెను. ఈ విధముగా మూడు మారులు చేసి ముగ్గురి పెండ్లిండ్లు నిలబెట్టెను. పగటివేళ పదిమంది ఎదుట ఇచ్చియున్నచో ఆ తండ్రి ఊరిలో తలయెత్తుకొని తిరుగజాలడు. మన పెద్దలు గుప్తదానమును మెచ్చుకొన్నదియు ఈ కారణముననే.

నికొలస్ పండుగ డిసెంబరు 6వ తేది. హాలండులో ఆయనను సింటర్‌క్లాస్ అందురు. ఆ మాటయే అమెరికా చేరి శాంటాక్లాస్ అయినది. పండుగకు ముందురోజు సాయంకాలము అచట ఇంటిల్లిపాదియు చీట్లు తీసి, తమకు వచ్చిన పేరుగల వారికి కానుకతోపాటు ఒక వేళాకోళపు పద్యమును గూడ వ్రాసియిచ్చు అలవాటు నేటికిని ఉన్నది. స్వీడన్ మొదలగు ఉత్తర దేశములలో పూర్వము తలుపు తట్టి, కానుకను లోపలికి విసరి, తమ్ము గుర్తుపట్టక మునుపే పారిపోవుటయు ఒక వేడుకగా నుండెను. దీనిని జుల్‌క్లాప్ అనిరి. దేశములు వేరయినను అన్నిటిలోని కీలకము ఒక్కటే: ఇచ్చిన చేయి కనబడరాదు.

చేయి ఎందుకు కనబడరాదు? 1925లో మార్సెల్ మోస్ అను ఫ్రెంచి పండితుడు కానుకను గూర్చి ఒక ప్రసిద్ధ వ్యాసమును ప్రకటించెను. ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి ఇచ్చుట అను మూడును సంఘము మనిషిమీద ఉంచిన బాధ్యతలని, ఊరకనే ఇచ్చినట్లు కనబడు కానుకయు తనవెంట ఒక ఋణమును తెచ్చునని ఆయన పలు జాతుల ఆచారములను పరిశీలించి చూపెను. మన చదివింపుల పుస్తకము ఆ మాటకు చక్కని సాక్ష్యము. చీట్ల ఆట ఆ ఋణమును తెంచివేయును. ఇచ్చినదెవరో తెలియదు గనుక ఫలానివారికి బాకీ పడితినను చింత లేదు. పై అధికారి పేరే మనకు వచ్చినను, మన పేరు ఆయనకు తెలియదు గనుక పెద్ద కానుకతో మెప్పు సంపాదించు ఆశకు తావు లేదు. చిన్న కానుకతో చులకనయగుదునను భయమునకును తావు లేదు.

మనము నివసించు ఈ నాటిలోనే ఇట్టి సమానత్వమునకు మరియొక మంచి ఉదాహరణము కలదు. మకర సంక్రాంతినాడు కన్నడ కుటుంబములవారు ఇరుగుపొరుగులకు ఎళ్ళు-బెల్ల పంచుదురు. నువ్వులు, బెల్లపు ముక్కలు, ఎండుకొబ్బరి, వేరుసెనగపప్పు, పుట్నాలపప్పు కలిపిన పొట్లము; దానితో చెరకు ముక్క, చక్కెర అచ్చు. అందరును అందరికిని ఇచ్చునవి ఇవియే. మేడ ఇంటి పొట్లమునకును రేకుల ఇంటి పొట్లమునకును పెద్ద భేదముండదు. చీట్ల ఆటను నడుపువారు మనసులో ఉంచుకొనవలసిన ఆదర్శము ఈ పొట్లము.

ఇక నడుపు పద్ధతి. మొదటి పని ఇష్టమున్నవారి పట్టికను తయారుచేయుట. కార్యాలయములోని వారందరి పేర్లును ముందే వ్రాసి, ‘ఇష్టము లేనివారు చెప్పుడు’ అనుట సరియైన పద్ధతి కాదు. పదిమందిలో ‘నేను రాను’ అని చెప్పుట చాలమందికి కష్టము. అందుకు బదులుగా ఖాళీ పట్టికను ఉంచి, చేరదలచినవారే తమ పేరు వ్రాసికొనునట్లు చేయవలెను. వ్రాయనివారిని కారణమడుగరాదు. గుత్తేదారుల ద్వారా పనిచేయు శుభ్రత పనివారు, కావలివారు మొదలగువారిని పిలువదలచినచో తక్కిన వారితో సమానముగా పిలువవలెను. వారివద్ద చందా మాత్రము పుచ్చుకొని వేడుకనాడు బల్లలు తుడుచుటకు నిలబెట్టుట ఎంతమాత్రమును తగదు.

రెండవ పని వెల నిర్ణయము. ఆట చెడునది సాధారణముగా ఇక్కడనే. ఎక్కువ జీతము గలవాడు ‘ఐదువందలు పెట్టుదము, అదెంత!’ అనును. ఆ ఐదువందలు ఒకరికి ఒక పూట కాఫీ ఫలహారముల ఖర్చు. మరియొకరికి ఒక దినపు కూలి. ఇంచుమించు సరాసరి వేసి నిర్ణయింతమని కొందరందురు. ఆ లెక్క ఎట్లుండునో చూడుడు. పదిమంది తమకు అనుకూలమైన మొత్తమును పేరు లేని చీటీమీద వ్రాసిరనుకొందము: 100, 100, 150, 200, 200, 300, 300, 500, 500, 1000. మొత్తము 3350, సరాసరి 335 రూపాయలు. కాని పదిమందిలో ఏడుగురు వ్రాసినది 335కు తక్కువయే! వేయి వ్రాసిన ఒక్కని వలన సరాసరి పైకి పోయినది. కనుక సరాసరిని విడిచి, అన్నిటికంటె తక్కువగా వచ్చిన అంకెను, అనగా 100 రూపాయలను, హద్దుగా నిర్ణయింపవలెను. చీటీమీద పేరు లేదు గనుక ఆ అంకె వ్రాసినదెవరో తెలియదు. వేయి రూపాయలు ఖర్చుపెట్టగలవానికి నూరు రూపాయలతో మంచి వస్తువును వెదకుట ఒక వినోదము. నూరు మాత్రమే గలవానికి ఐదువందలు తెచ్చుట వినోదము కాజాలదు. హద్దు దాటి కొనుట ఔదార్యము కాదు, ఆట నియమమును మీరుట యనియు ముందుగనే చెప్పవలెను.

మూడవ పని చీట్లు తీయుట. ఇది చూచుటకు సులభము గాని ఇందులో గణితపు చమత్కారమొకటి దాగియున్నది. తన చీటీ తనకే రాకూడదు గదా! ముగ్గురు ఆడుచున్నారనుకొందము: క, ఖ, గ. మూడు చీట్లు ముగ్గురికి 6 విధములుగా చేరవచ్చును. అందులో ఒక విధమున ముగ్గురికిని తమ చీటీలే వచ్చును. మూడు విధములలో ఒక్కరికి తన చీటీ వచ్చును. రెండు విధములలో మాత్రమే ఎవరికిని తన చీటీ రాదు. నలుగురైనచో 24 విధములలో 9, ఐదుగురైనచో 120లో 44, పదిమందియైనచో 36,28,800లో 13,34,961 మాత్రమే ఆటకు పనికివచ్చును. ఐదుగురు మొదలుకొని మనుష్యుల సంఖ్య ఎంత పెరిగినను ఈ పాలు నూటికి ఇంచుమించు 37 దగ్గరనే నిలిచియుండుట ఆశ్చర్యకరము. అనగా నూరు మారులు చీట్లు తీసినచో సుమారు 63 మారులు ఎవరో ఒకరికి తన పేరే వచ్చును. ఈ ప్రశ్నను పియేర్ ద మోన్మోర్ అను ఫ్రెంచి గణితజ్ఞుడు పేకాట సందర్భమున 1708లో లేవదీసెను. పై తరగతులవారు నలుగురి పేర్లతో 24 విధములును వ్రాసి, 9 వచ్చునో లేదో సరిచూచుకొనవచ్చును.

తన పేరు వచ్చినవాడు ప్రక్కవానితో మార్చుకొన్నచో ఆ ఇద్దరి నడుమ రహస్యము పోవును. మరల పెట్టెలో వేసి ఇంకొకటి తీయుదమన్న, చిట్టచివర మిగిలినవానికి తన చీటీయే మిగులవచ్చును. ఒక పెద్దమనిషి జాబితా వ్రాసి పంచినచో ఆయనకు అందరి గుట్టును తెలియును. ఈ మూడు చిక్కులును లేని పద్ధతి యొకటి చెప్పెదను.

ఎందరున్నారో అన్ని అట్టముక్కలు, అన్నియు ఒకే కొలతవి, తీసికొనుడు. ఒక్కొక్క దానిమీద ఒక అంకెను పైభాగమున ఒకసారి, క్రిందిభాగమున ఒకసారి వ్రాయుడు. అంకెలు కనబడకుండ బోర్లించి బాగుగా కలిపి, ఒక వరుసలో పేర్చుడు. ప్రతిదానిని నడిమికి కత్తిరించి, క్రింది ముక్కల నన్నిటిని ఒక్కొక్క స్థానము కుడికి జరుపుడు. చివరి క్రింది ముక్కను మొదటి స్థానమునకు తెండు. ఇప్పుడు పై ముక్కను, దాని క్రిందికి వచ్చిన ముక్కను, చూడకుండ ఒక కవరులో పెట్టుడు. కవర్లను కలిపి ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీయవలెను. పై ముక్కమీది అంకె తన అంకె. క్రింది ముక్కమీది అంకె తాను కానుక ఇయ్యవలసినవారిది. పిమ్మట అందరును గోడమీది కాగితములో తన అంకెకు ఎదురుగా తన పేరు మాత్రము వ్రాయవలెను.

ఉదాహరణమునకు ఐదు అట్టలు 4, 2, 5, 1, 3 అను వరుసలో పడినవనుకొందము. క్రింది ముక్కలు జరిగిన పిమ్మట 4 క్రింద 3, 2 క్రింద 4, 5 క్రింద 2, 1 క్రింద 5, 3 క్రింద 1 వచ్చును. నాలుగవవాడు మూడవవానికి, మూడవవాడు ఒకటవవానికి, ఒకటవవాడు ఐదవవానికి, ఐదవవాడు రెండవవానికి, రెండవవాడు నాలుగవవానికి ఇచ్చును. ఐదుగురును ఒకే గొలుసుగా నేర్పడిరి. ఎవరికిని తన పేరు రాదు. ఇద్దరు ఒకరికొకరు ఇచ్చుకొని వెలలు సరిపోల్చుకొను అవకాశమును లేదు. చీట్లను తయారుచేసినవారికి గూడ ఎవరి గుట్టును తెలియదు.

నడుమ ఎవరైన బదిలీయై వెడలినను గొలుసు తెగదు. ఐదవవాడు వెళ్లవలసి వచ్చినదనుకొనుడు. అతడు తన క్రింది ముక్కను ఒక కవరులో అంటించి, పైన 5 అని వ్రాసి గోడ దగ్గర ఉంచిపోవలెను. 5 అను అంకెకు ఇయ్యవలసినవాడు ఎవరును లేని సమయమున దానిని తీసి చూచి, అందులోని వారికి కానుక తెచ్చును.

నాలుగవ సంగతి, ఏమి ఇయ్యవలెనని. చీట్లు తీయుటకును వేడుకకును నడుమ రెండు వారముల వ్యవధి ఉన్నచో తొందరపాటు ఉండదు. గోడమీది కాగితములో పేరు ప్రక్కన ప్రతివారును తమ అభిరుచిని రెండు మాటలలో వ్రాసినచో మేలు: ‘మొక్కలు పెంచుదును’, ‘తీపి తినను’, ‘పాత పుస్తకములు ఇష్టము’. తిండి వస్తువులు ఇచ్చునప్పుడు ఎదుటివారి ఆచారమును, ఆరోగ్యమును తెలిసికొనవలెను. సబ్బు, దువ్వెన, బరువు చూచు యంత్రము వంటివి ఎత్తిపొడుపుగా తోచవచ్చును. బెంగళూరున తక్కువ వెలకు మంచి వస్తువులు లేకపోలేదు. కార్తిక మాసపు కడపటి సోమవారమున బసవనగుడిలో జరుగు కడలెకాయి పరిషెలో క్రొత్త వేరుసెనగకాయలు దొరకును. అవెన్యూ రోడ్డులో పాత పుస్తకములు చౌక. మైసూరు త్రోవలో సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్న చన్నపట్నపు లక్కబొమ్మలు ఇచటి దుకాణములలోనే దొరకును. మన విశాఖ ప్రాంతపు ఏటికొప్పాక బొమ్మలను చూచినవారికి ఇవి చుట్టములవలె తోచును. రెండు ఊళ్లవారును వాడునది అంకుడు కర్రయే, పూయునది లక్కరంగులే. నాటు వేరు, మాట వేరు. చేతిపని మాత్రము ఒక్కటే.

వేడుకనాడు వెల చీటీలను చించివేసి, అన్ని కానుకలను ఒకే విధమైన కాగితములో, వార్తాపత్రికయైనను సరే, చుట్టి, అంకె మాత్రము వ్రాసి బల్లమీద ఉంచవలెను. ఎవరైన తేలేకపోయినచో పుచ్చుకొనువారు చిన్నబోకుండునట్లు నడుపువారు ఒకటి రెండు కానుకలను అదనముగా సిద్ధపరచుకొనవలెను. తేనివారెవరని విచారణ చేయరాదు. అందరియెదుట విప్పుమని బలవంతము చేయరాదు. ఇచ్చినవారు తమ పేరు చెప్పుకొనవచ్చునా యనునది ముందుగనే నిర్ణయించుకొనవలెను. చెప్పకుండుటయే ఉత్తమమని నా యభిప్రాయము.

‘తెల్ల ఏనుగు’ అను మరియొక ఆటయు కొన్ని కార్యాలయములలో కలదు. సయాము రాజు తనకు గిట్టనివానికి తెల్ల ఏనుగును బహూకరించెడివాడనియు, దానిని పోషింపలేక వాడు దివాలా తీసెడివాడనియు చెప్పు కట్టుకథనుండి ఆ పేరు వచ్చినది. అందులో ఒకరు విప్పిన కానుకను వేరొకరు లాగుకొనవచ్చును. స్నేహితుల నడుమ అది నవ్వులాటయే. అయితే తాను తెచ్చిన వస్తువును ఎవరును కోరకుండుట అందరి కంటబడును గనుక, హెచ్చుతగ్గుల జీతములవారున్న చోట చీట్ల ఆటయే మేలు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈ ఆటలో చేరకుండుట అమర్యాద కాదు. చేరుటయు ఆడంబరము కాదు. వెల హద్దు మీ శక్తికి మించినచో నడుపువారితో ఏకాంతముగా చెప్పుడు. మంచివారైనచో ఈ వ్యాసములోని చీటీల పద్ధతిని అంగీకరింతురు.

విద్యార్థులారా! సంక్రాంతి సెలవులకు ముందు మీ తరగతిలో ఈ ఆటను ఆడి చూడుడు. వెల హద్దు సున్న రూపాయలుగా పెట్టుకొనుడు. ఒక బొమ్మ గీయుడు, ఒక లెక్క నేర్పుడు, ఒక పద్యమును అందమైన అక్షరములతో వ్రాసి ఇండు, కన్నడము తెలియని మిత్రునికి పది కన్నడ మాటలు వ్రాసి ఇండు. కుచేలుడు అటుకుల మూటను విప్పుటకు సిగ్గుపడి దాచుకొనెను. కృష్ణుడే చొరవ చేసి దానిని తీసికొనవలసి వచ్చెను. మీ తరగతిలో ఏ బాలుడును, ఏ బాలికయు తన మూటను దాచుకొనవలసిన అవసరము రానియ్యకుడు.